త్వరణి వెనుక పరిగె

మూలం: “త్వరణిలో పనికి మిగిలిన పుంజము ఆగినచోట పుట్టించిన కేంద్రకములను, గడువు తీరకమునుపు, వేరుచేసి, తోడు లేకుండ, అక్కరకు చేర్చుట పరిగె యనబడును.”

ఈ వాక్యం ఏ గ్రంథంలోనూ దొరకదు. పెద్ద పెద్ద కణ త్వరణ యంత్రాల దగ్గర అడగకుండానే పుట్టే రేడియోధార్మిక ఐసోటోపుల సంగతి చెప్పడానికి, పాత లక్షణ గ్రంథాల ధోరణిలో నేనే కట్టుకున్నాను. మూలం చిన్నదే. కానీ ఇందులో ఏ మాట కదిపినా ఒక యంత్రమో, ఒక రసాయనశాలో, ఏళ్ల తరబడి సాగిన లెక్కో బయటపడుతుంది. పద్యానికి ప్రతిపదార్థం చెప్పుకోవడం మనకు బడినాటి అలవాటే కాబట్టి, ఆ వరసలోనే పోదాం. కొన్ని మాటల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, కొన్నింటిని దాటేస్తాను.

త్వరణిలో

ప్రోటాన్లను గాని, బరువైన అయాన్లను గాని విద్యుత్ క్షేత్రాలతో విడతలు విడతలుగా తోసి వేగం పెంచే యంత్రం త్వరణి. యాక్సిలరేటర్ అన్నా అదే. మామూలు మనిషికి దీనితో పరిచయం ఆసుపత్రిలో కలుగుతుంది. పెట్ స్కాన్‌కు ముందు నరంలోకి ఎక్కించే మందులోని ఫ్లోరిన్-18ను సైక్లోట్రాన్ అనే చిన్న త్వరణిలో తయారుచేస్తారు. అలాంటివి హైదరాబాదులోనూ ఉన్నాయి. ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలే కాబట్టి వాడే ఊరికి దగ్గర్లోనే చేసుకోక తప్పదు. ఆ యంత్రాలను కట్టిందే ఐసోటోపుల కోసం, అందుకని ఈ వ్యాఖ్యానంలో వాటికి చోటు లేదు.

మూలంలోని త్వరణి వేరే పనికి కట్టినది. స్విట్జర్లాండులో ఆరే నది ఒడ్డున విలిగెన్‌లో ఉన్న పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్, జెనీవా దగ్గరి సెర్న్, కెనడాలో వాంకూవర్‌లోని ట్రయంఫ్, అమెరికాలో బ్రూక్‌హేవెన్, లాస్ అలమోస్, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ఆవరణలోని ‘ఫ్రిబ్’ — ఇవీ నా దృష్టిలో ఉన్న చోట్లు. వీటిని భౌతిక శాస్త్రజ్ఞులు తమ ప్రశ్నల కోసం కట్టుకున్నారు. వైద్యుడి అవసరం గాని, రసాయన శాస్త్రజ్ఞుడి అవసరం గాని మొదటి నక్షాలో చాలావాటికి లేదు.

పనికి మిగిలిన పుంజము

పుంజం అంటే త్వరణిలోంచి వెలువడే కణాల ధార. అది మిగలడంలో మూడు రకాలున్నాయి.

కాలంలో మిగలడం మొదటిది. బ్రూక్‌హేవెన్‌లో ప్రోటాన్లను 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికి చేర్చే సరళ త్వరణి ఉంది. అది ఎక్కువ శక్తి గల వలయ త్వరణికి ప్రోటాన్లు అందించాలి. వలయం ఒకసారి నిండిందంటే మళ్లీ కావాలనేదాకా సరళ త్వరణికి పని ఉండదు, కానీ అది పల్సులు పుట్టిస్తూనే ఉండగలదు. ఆ ఖాళీ పల్సులను పక్కదారి పట్టించి లక్ష్యాల మీద పడేస్తే ఐసోటోపులు వస్తాయని 1972లో అక్కడ ‘బ్లిప్’ అనే కేంద్రం పెట్టారు. స్ట్రాన్షియం-82 అక్కడినుంచి ఆసుపత్రులకు వెళ్లే ముఖ్యమైన సరుకుల్లో ఒకటి. దానినుంచి పుట్టే రుబీడియం-82 అర్ధాయువు ఒకటింపావు నిమిషం. గుండె కండరానికి రక్తం అందుతోందో లేదో పెట్ స్కాన్‌లో చూపించేది అదే.

తాకకుండా మిగలడం రెండోది. సెర్న్‌లో ఐసోల్డే అనే ప్రయోగశాలకు 140 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్లు వస్తాయి. లక్ష్యంలోని కేంద్రకాలకు తగిలేవి కొద్ది. పదింట తొమ్మిది వంతుల దాకా ప్రోటాన్లు అవతలికి దూసుకుపోతాయి. దూసుకుపోయిన వాటి దారిలో రెండో లక్ష్యాన్ని పెట్టడమే ‘మెడిసిస్’ కేంద్రం చేసిన పని. 2017 డిసెంబరులో దాని తొలి ఫలం చేతికొచ్చింది. అది టెర్బియం-155.

మూడో రకం, పని అంతా అయ్యాక ఎక్కడో ఒకచోట ఆగవలసిన పుంజం. దానికి వేరే మాట ఉంది.

ఆగినచోట

పుంజం ఊరికే ఆగదు. విలిగెన్‌లోని పెద్ద సైక్లోట్రాన్‌లోంచి ప్రోటాన్లు ఒక్కొక్కటి 59 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో వస్తాయి. మొత్తం పుంజం మోసుకొచ్చే శక్తి ఒక మెగావాటుకు పైమాటే. దాన్ని ఆపడానికి పెట్టే అడ్డునే బీమ్ డంప్ అంటారు. వేడిని త్వరగా లాగేసుకుంటుందని చాలాచోట్ల రాగి దిమ్మలు పెడతారు, వాటిని నీళ్లతో చల్లబరుస్తారు. ప్రోటాన్ ఆ దిమ్మలో శక్తిని పోగొట్టుకుంటూ పోయి నిలిచిపోతుంది, చాలా ప్రోటాన్లు ఆగేలోపే దారిలో ఏదో ఒక కేంద్రకాన్ని పగలగొడతాయి. నెలల తరబడి, ఏళ్ల తరబడి ఇదే సాగుతుంది. చివరికి ఆ దిమ్మ రేడియోధార్మిక వ్యర్థం అయిపోతుంది. చుట్టూ కాంక్రీటు గోడ, మీద హెచ్చరిక బిళ్ల, రిజిస్టరులో ఒక నంబరు.

విలిగెన్‌లోనే అలాంటి రాగి దిమ్మ ఒకటి ఉండేది. పయాన్ అనే కణాలతో క్యాన్సర్‌కు చికిత్స చేయవచ్చేమోనని 1980ల్లో ప్రయత్నించిన జీవవైద్య విభాగం తాలూకుది. పన్నెండేళ్ల పాటు ప్రోటాన్ల దెబ్బలు తిని 1992లో విరామం పొందింది. పయాన్ చికిత్స నిలవలేదు గాని దిమ్మ నిలిచింది. అక్కడి రసాయన శాస్త్రజ్ఞులకు, ముఖ్యంగా డొరొతియా షూమన్‌కు, అందులో ఏముందో తెలుసు. దిమ్మను కోసి, లోపల తొలిచి, రాగి చెక్కుల్ని బయటికి తీశారు. త్వరణి వ్యర్థాలనుంచి అరుదైన ఐసోటోపులు రాబట్టే ఈ ప్రయత్నానికి ‘ఎరావాస్ట్’ అని పేరు పెట్టారు. పారవేయడానికి చోటు వెతకవలసిన సరుకును భాండాగారంగా చూడటం చిన్న మార్పేమీ కాదు. నా లెక్కలో ఈ కథంతటికీ మలుపు అక్కడే ఉంది.

దిమ్మకు బదులు నీళ్లే అడ్డైతే? ఫ్రిబ్ ఆ దారి పట్టింది. 2022 మేలో తెరుచుకున్న ఈ యంత్రం యురేనియం దాకా ఏ మూలకం అయాన్లనైనా పరుగెత్తించగలదు. పూర్తి శక్తి 400 కిలోవాట్లని లక్ష్యం పెట్టుకుని, మెట్టుమెట్టుగా ఎక్కుతోంది. బరువైన అయాన్లు పలచని లక్ష్యంలోంచి పోతూ ముక్కలవుతాయి. ఆ ముక్కల్లోంచి అయస్కాంతాలు ఒక్క రకాన్ని ఏరి ప్రయోగానికి పంపుతాయి. మిగిలిన ముక్కలు, అసలు తాకని అయాన్లు, అన్నీ డంప్‌కే పోతాయి. పూర్తి శక్తికి తలపెట్టిన డంప్ ఎలా ఉంటుందంటే, టైటానియం మిశ్రలోహంతో చేసిన పలచని గోడ గల డ్రమ్ము, లోపల పారే నీళ్లు, డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది. ఒకేచోట వేడి పోగుపడకుండా ఆ తిరగడం. అయాన్లు గోడ దాటి నీళ్లలో ఆగుతాయి. రాగి దిమ్మలో ఐసోటోపు చిక్కుకుపోతుంది, నీళ్లలో అది కదులుతుంది, గొట్టంలోంచి ఎంత దూరమైనా పోతుంది. దిమ్మను కోయాలంటే యంత్రం విరమించేదాకా ఆగాలి. నీళ్లనైతే యంత్రం నడుస్తుండగానే పక్కగదికి మళ్లించుకోవచ్చు.

పుట్టించిన కేంద్రకములను

ప్రోటాన్ రాగి కేంద్రకంలోకి దూరినప్పుడు రెండు అంకాలు నడుస్తాయి. మొదటిది క్షణకాలంలో ముగిసేది. వచ్చిన ప్రోటాన్ లోపలి ప్రోటాన్లనూ న్యూట్రాన్లనూ ఒక్కొక్కటిగా కొడుతుంది, అవి పక్కవాటిని కొడతాయి, కొన్ని బయటికి ఎగిరిపోతాయి. తరువాత మిగిలిన కేంద్రకం వేడెక్కి ఉంటుంది, ఆ వేడి తీరేదాకా న్యూట్రాన్లను, ప్రోటాన్లను, ఆల్ఫా కణాలను వదులుతూ చల్లారుతుంది. స్పాలేషన్ అనే ఈ క్రియలో రాగి కంటే తేలికైన మూలకాలన్నీ కొద్దో గొప్పో పుడతాయి. నికెల్, కోబాల్ట్, ఇనుము, మాంగనీసు, టైటానియం, ఇలా అల్యూమినియం దాకా, దానికి దిగువన కూడా.

అయితే అన్నీ సమానంగా పుట్టవు. ఇనుము-60 సంగతి చూడండి. దానిలో 26 ప్రోటాన్లు, 34 న్యూట్రాన్లు. రాగి-63లో 29 ప్రోటాన్లు, 34 న్యూట్రాన్లు. అంటే మూడు ప్రోటాన్లు పోవాలి, ఒక్క న్యూట్రాన్ కూడా పోకూడదు. వేడెక్కిన కేంద్రకం మొదట వదిలించుకునేది న్యూట్రాన్లనే కాబట్టి ఇది అరుదుగా జరిగే సంగతి. 28 న్యూట్రాన్లు మాత్రమే ఉన్న మాంగనీసు-53 అంతకంటే సులువుగా పుడుతుంది. అణు రియాక్టరులో ఈ తరహా సరుకు తేలిగ్గా దొరకదు. అక్కడ జరిగేది ప్రధానంగా యురేనియం చీలిక, న్యూట్రాన్లను మింగడం. త్వరణి ఇచ్చే జాబితా వేరు, రియాక్టరు ఇచ్చే జాబితా వేరు. ఒకటి మూతబడితే రెండోది దాని చోటు పూర్తిగా తీర్చగలదనుకోవడం పొరపాటు.

ఫ్రిబ్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ పగిలేది వచ్చిన అయాన్, అడ్డుపడ్డది నీరు. అందుకని ఏ పుంజం వేశారో దాన్నిబట్టి పంట మారుతుంది. కాల్షియం-48 పుంజంతో కాల్షియం-47, దానినుంచి స్కాండియం-47. క్రిప్టాన్-78 పుంజంతో క్రిప్టాన్-76, క్రిప్టాన్-77. ఈ రెండు సంగతులనూ ఫ్రిబ్‌కు ముందు అదే ఆవరణలో నడిచిన పాత సైక్లోట్రాన్ ప్రయోగశాలలో, చిన్న నీటి లక్ష్యాలతో పరీక్షించి చూసుకున్నారు.

గడువు తీరకమునుపు

గడువంటే అర్ధాయువు. టెర్బియం-149కు 4 గంటల చిల్లర. స్కాండియం-47కు మూడు రోజుల పైచిలుకు. బెరీలియం-7కు 53 రోజులు. టైటానియం-44కు 60 ఏళ్ల చుట్టుపక్కల. ఇనుము-60కి లక్షల ఏళ్లు. ఇంత తేడా ఉన్న సరుకును ఒకే పద్ధతిలో ఏరుకోవడం కుదరదు. నీటినుంచి గంటల్లో తీయవలసినవి కొన్ని, దశాబ్దాలు ఆగి తీసినా చెక్కుచెదరనివి కొన్ని.

ఆగడం వల్ల లాభం కూడా ఉంది. రాగి దిమ్మ వాడకం ఆగగానే దాని దగ్గరికి పోలేనంత రేడియోధార్మికంగా ఉండటానికి కారణాల్లో కోబాల్ట్-60 ఒకటి. దాని అర్ధాయువు 5.27 ఏళ్లు. 20 ఏళ్లు ఓపిక పడితే దాని ధాటి పద్నాలుగో వంతుకు దిగుతుంది, ఇనుము-60 మాత్రం అలాగే ఉంటుంది. ఖర్చు లేకుండా జరిగే శుద్ధి ఇది. వ్యర్థాల గిడ్డంగిలో ఊరికే కూర్చున్నదని మనం అనుకునే దిమ్మ నిజానికి పనిచేస్తూనే ఉంది.

గడువు అన్న మాటకు ఇంకో ముఖం చూపాలి. ఇనుము-60 గడువు ఎంతో చెప్పింది ఈ దిమ్మే. 1984 నాటి కొలత ప్రకారం దాని అర్ధాయువు 14.9 లక్షల ఏళ్లు. పాతికేళ్ల పాటు ప్రపంచమంతా ఆ అంకెనే వాడింది. అర్ధాయువు ఇంత పెద్దదైతే సగం తరిగేదాకా కూర్చుని చూసేవారెవరు? రెండు సంగతులు విడివిడిగా కొలవాలి. చేతిలో ఎన్ని పరమాణువులున్నాయి, వాటిలో సెకనుకు ఎన్ని విచ్ఛిన్నమవుతున్నాయి. రెంటినీ కొలవాలంటే సరుకు తగినంత ఉండాలి. విలిగెన్ దిమ్మనుంచి తీసిన కొద్ది గ్రాముల రాగిలోంచి దొరికిన ఇనుము-60 సుమారు 5,900 లక్షల కోట్ల పరమాణువులు. వినడానికి మహా సంఖ్య. తూకం వేస్తే మైక్రోగ్రాముకు అటూ ఇటూగా సగం.

పరమాణువులను ద్రవ్యరాశి వర్ణమాపకంతో లెక్కపెట్టారు. విచ్ఛిత్తిని లెక్కించడంలో ఒక చిక్కుంది. ఇనుము-60 తనంత తాను బలమైన గామా కిరణం ఇవ్వదు. దాని సంతతి కోబాల్ట్-60 ఇస్తుంది. కానీ దిమ్మలో కోబాల్ట్-60 ముందే దండిగా ఉందని చెప్పుకున్నాం కదా. అందుకని ఇనుమునుంచి కోబాల్ట్‌ను జాడ లేకుండా తీసేసి, శుభ్రమైన ఇనుములో కొత్త కోబాల్ట్ నెమ్మదిగా పుట్టుకురావడాన్ని నెలల తరబడి గమనించారు. ఆ పెరుగుదల వాలు చూస్తే అసలు వేగం తెలుస్తుంది. పాత అర్ధాయువే నిజమైతే అన్ని పరమాణువుల్లో సెకనుకు 87 దాకా విచ్ఛిన్నం కావాలి. లెక్కకు తేలినవి 50లోపే. 2009లో వెలువడిన ఫలితం: 26.2 లక్షల ఏళ్లు. 2015లో వేరొక బృందం వేరొక పద్ధతిలో కొలిచి 25 లక్షలని తేల్చింది. రెండూ కొలత దోషం లోపల కలుస్తాయి. 1984 నాటి అంకె పక్కకు తప్పుకుంది.

దీనితో ఎవరికి పని అంటే, నక్షత్రాల చరిత్ర రాసేవారికి. పెద్ద నక్షత్రాల్లో పుట్టి, అవి పేలినప్పుడు వెదజల్లబడే ఇనుము-60 సముద్రగర్భంలోని ఇనుము-మాంగనీసు పొరల్లో దొరికింది. ఇరవై ముప్పై లక్షల ఏళ్ల కిందట భూమికి మరీ దూరం కాని చోట సూపర్నోవా పేలిందని చెప్పడానికి అదే సాక్ష్యం. ఆ పొరలో ఇప్పుడున్న పరమాణువులనుబట్టి అప్పట్లో ఎన్ని పడ్డాయో వెనక్కి లెక్కించాలంటే అర్ధాయువు కావాలి. అది దాదాపు రెట్టింపయ్యేసరికి లెక్కలు మళ్లీ వేసుకోవలసి వచ్చింది. క్యాన్సర్ చికిత్సాలయపు చెత్తలోంచి వచ్చిన అర మైక్రోగ్రాము చేసిన పని అది.

విలిగెన్ సంస్థలోనే టాంటలం నమూనాలనుంచి తీసిన డిస్ప్రోసియం-154 విషయంలోనూ ఇలాగే అయింది. 30 లక్షల ఏళ్లనుకున్నది 14 లక్షలని తేలింది.

వేరుచేసి

ఇక్కడ భౌతిక శాస్త్రం తప్పుకుని రసాయన శాస్త్రం కూర్చుంటుంది. కూర్చునేది హాట్ సెల్ ముందు. మందపాటి సీసం గోడ, పసుపు ఛాయ గల సీసపు గాజు కిటికీ, లోపల యంత్రపు చేతులు. వాటిని బయటనుంచి ఆడించాలి. రాగి చెక్కులను ఆమ్లంలో కరిగిస్తే గ్రాముల కొద్దీ రాగిలో మైక్రోగ్రాము ఇనుము తేలుతుంది. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మూడు విద్యుదావేశాల ఇనుము క్లోరైడ్లతో జట్టుకట్టి, కీటోన్ జాతి సేంద్రియ ద్రవంలోకి దూకడానికి ఇష్టపడుతుంది. దానితో పాటే పుట్టిన నికెల్ అలా చేయదు. ఈ స్వభావ భేదం మీదే వేర్పాటు నడుస్తుంది. ఒక్కసారి చాలదు, మళ్లీ మళ్లీ చేయాలి. ప్రతి విడతలో పుట్టే ఆమ్లపు నీళ్లు కూడా రేడియోధార్మిక వ్యర్థమేనని మరవకూడదు.

నీటి పద్ధతిలో మొదటి అడుగు సులువు. విలిగెన్‌లోనే ‘సింక్’ అనే న్యూట్రాన్ వనరు ఉంది. దాని సీసపు లక్ష్యాన్ని భారజలంతో చల్లబరుస్తారు. ప్రోటాన్లు ఆ నీటిలోని ఆక్సిజన్‌ను పగలగొట్టినప్పుడు బెరీలియం-7 పుడుతుంది. నీటిని అయాన్ వినిమయ రెజిన్ గుళికలు నింపిన గొట్టంలోంచి పంపితే బెరీలియం ఆ గుళికలకు పట్టుకుని ఆగిపోతుంది, తరువాత ఆమ్లంతో కడిగి తీసుకోవచ్చు. ఎటూ శీతలజలాన్ని శుభ్రంగా ఉంచడానికి రెజిన్ వాడవలసిందే. ఏరుకునేవారు ఆ గుళికలను చెత్తబుట్టకు పోనివ్వకుండా పట్టుకున్నారు, అంతే తేడా.

క్రిప్టాన్ అంతకంటే మర్యాదస్తురాలు, జడవాయువు కాబట్టి నీటినుంచి తానే పైకి వస్తుంది. ఆ వాయువును పట్టి ఉంచితే క్రిప్టాన్-76 బ్రోమిన్-76గా, క్రిప్టాన్-77 బ్రోమిన్-77గా మారుతాయి. నీళ్లలోని మిగతా గందరగోళమంతా నీళ్లలోనే ఉండిపోతుంది.

ఇదంతా చదివి నీళ్లంటే హాయి అనుకోకండి. తీవ్రమైన పుంజం నీటిని చీల్చి హైడ్రోజన్, ఆక్సిజన్, హైడ్రోజన్ పెరాక్సైడు పుట్టిస్తుంది. హైడ్రోజన్ పోగుపడితే ప్రమాదం, పెరాక్సైడు రెజిన్‌ను తినేస్తుంది. ఇక ట్రిటియం ఉంది. అది హైడ్రోజనే కాబట్టి నీరుగానే ఉంటుంది, ఏ రెజిన్‌కూ చిక్కదు, 12 ఏళ్ల అర్ధాయువుతో చేరుతూ పోతుంది. ఏరుకునేవారు ఐసోటోపును తీసుకుని పోవచ్చు. ట్రిటియం నీళ్లకు మాత్రం ఎవరో ఒకరు కాపలా కాయాలి.

తోడు లేకుండ

రసాయనం మూలకాన్నుంచి మూలకాన్ని విడదీయగలదు. ఒకే మూలకపు ఐసోటోపులను విడదీయలేదు. ఈ పదం ఆ సంకటం గురించి.

ఆక్టీనియం-225ను ఉదాహరణగా తీసుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు క్యాన్సర్ వైద్యంలో అందరి చూపూ దానిమీదే. అర్ధాయువు 10 రోజులకు కొంచెం తక్కువ. వరసగా నాలుగు ఆల్ఫా కణాలు వదులుతుంది. కణితిని గుర్తుపట్టే అణువుకు కట్టి పంపితే ఆ కణాలు అక్కడికక్కడే పనిచేస్తాయి. ప్రపంచానికి కావలసినంత లేదు. థోరియం మీద అధిక శక్తి ప్రోటాన్లు పడితే అది పుడుతుంది, ట్రయంఫ్‌లో పుంజం చివర, డంప్‌కు ముందు థోరియం లక్ష్యాలు పెట్టి చేశారు కూడా. కానీ పక్కనే ఆక్టీనియం-227 పుడుతుంది, దాని అర్ధాయువు 21.8 ఏళ్లు. మొదట అది స్వల్పమే. రోజులు గడిచేకొద్దీ 225 తరిగి 227 వాటా పెరుగుతుంది. ఆసుపత్రి మురుగులోకి, వ్యర్థాల డబ్బాల్లోకి రెండు దశాబ్దాల అర్ధాయువు గల ఆల్ఫా సంతతిని ఏ నియంత్రణ సంస్థ తేలిగ్గా ఒప్పుకుంటుంది?

దీనికి దొరికిన దారి నాకు చాలా నచ్చింది. అదే థోరియంలో రేడియం-225 కూడా పుడుతుంది, 15 రోజుల అర్ధాయువు. ముందు ఆక్టీనియంను పక్కకు తీసేసి రేడియంను మాత్రం ఉంచుకోవాలి. రేడియం-225 కొత్త ఆక్టీనియం-225ను కంటుంది. ఆక్టీనియం-227కు తల్లి కాగల రేడియం-227 ముక్కాలు గంటలోపు అర్ధాయువు గలది, అప్పటికే పోయి ఉంటుంది. కాబట్టి రెండో కాన్పులో వచ్చేది మచ్చలేని 225. దిగుబడి మాత్రం బాగా పడిపోతుంది. శుద్ధతకు చెల్లించే ధర అది.

రెండో దారి మెడిసిస్‌ది. లక్ష్యాన్ని 2,000 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి, ఆవిరైన పరమాణువులను అయాన్లు చేసి, అయస్కాంతం గుండా పంపితే ద్రవ్యరాశినిబట్టి వేరవుతాయి. టెర్బియంలో దీని విలువ తెలుస్తుంది. 149 ఆల్ఫా చికిత్సకు, 152 పెట్ చిత్రానికి, 155 స్పెక్ట్ చిత్రానికి, 161 బీటా చికిత్సకు. నాలుగూ ఒకే మూలకం కాబట్టి ఒకే అణువుకు కట్టవచ్చు, ముందు ఒకదానితో చూసి తరువాత ఇంకొకదానితో కొట్టవచ్చు. అయితే నాలుగూ కలిసిపోతే దేనికీ పనికిరావు.

అక్కరకు చేర్చుట

అక్కర ఎవరిది? వైద్యం పేరు చెబితే నిధులు వస్తాయి కాబట్టి అందరూ ముందు ఆ పేరే చెబుతారు. నేను ముందు బెరీలియం-7 కథ చెబుతాను.

మహావిస్ఫోటం తరువాత తొలి నిమిషాల్లో ఎంత లిథియం-7 పుట్టి ఉండాలో లెక్క ఉంది. పాత నక్షత్రాల్లో చూస్తే దానిలో మూడో వంతే కనబడుతుంది. ఆ లిథియంలో చాలా భాగం మొదట బెరీలియం-7గా పుట్టి తరువాత మారినదే. అప్పట్లో తిరుగుతున్న న్యూట్రాన్లు మనం అనుకున్నదానికంటే ఎక్కువ బెరీలియంను నాశనం చేసి ఉంటే చిక్కు విడిపోతుంది. పరీక్షించాలంటే బెరీలియం-7 పూత పూసి, న్యూట్రాన్ల ఎదుట పెట్టాలి. 53 రోజుల అర్ధాయువు గల సరుకు, అదీ మైక్రోగ్రాముల్లో. అలాంటిదాన్ని కొనడానికి అంగడి లేదు. విలిగెన్ శీతలజలంలోంచి తీసిన బెరీలియంను జెనీవాకు తీసుకువెళ్లి సెర్న్‌లోని ‘ఎన్-టాఫ్’ న్యూట్రాన్ పుంజం ముందు ఉంచారు. 2016లో ప్రకటించిన జవాబు: ఆల్ఫాలుగా విడిపోయే ఆ క్రియ చిక్కు తీర్చేంత బలమైనది కాదు. చిక్కు అలాగే ఉంది, అనుమానితుల జాబితాలో ఒక పేరు తగ్గింది. ఈ ప్రయోగం కోసమని ఎవరూ ప్రత్యేకంగా త్వరణి కట్టి ఉండేవారు కాదు.

టైటానియం-44 కథా ఇటువంటిదే. కాసియోపియా-ఏ అనే పేలిన నక్షత్రపు శేషంలో దాని గామా కిరణాలను ఉపగ్రహాలు చూశాయి. పేలుడులో అది ఎంత పుడుతుంది, ఎంత ఖర్చవుతుంది అన్నది తెలియాలంటే భూమ్మీద దాన్ని పుంజంగా మార్చి కొట్టి చూడాలి. ఆ పుంజానికి సరుకు మళ్లీ విలిగెన్ వ్యర్థాలే ఇచ్చాయి, ప్రయోగం ఐసోల్డేలో జరిగింది.

ఇక వైద్యం. ఇక్కడ నా మాట కొంచెం కటువుగా ఉంటుంది. రోగికి మందు ఫలానా వారం కావాలి. భౌతిక శాస్త్రజ్ఞుడి యంత్రం ఫలానా వారం నడుస్తుందన్న హామీ లేదు. మరమ్మతులకూ మార్పులకూ సెర్న్ తన త్వరణులను 2018 చివర్లో ఆపినప్పుడు మెడిసిస్‌కు రెండేళ్లకు పైగా ప్రోటాన్లు లేవు. వాళ్లు చేతులు ముడుచుకోలేదు, బయటి రియాక్టర్లలో, సైక్లోట్రాన్లలో వికిరణం చేసిన సరుకు తెప్పించి తమ వేర్పాటు యంత్రంతో పని సాగించారు. దాన్నిబట్టి తెలిసేదేమిటంటే, వాళ్ల అసలు ఆస్తి పుంజం కంటే ఎక్కువగా ఆ వేర్పాటు నేర్పు. కాబట్టి డంప్ పక్కన దొరికిన ఐసోటోపుతో కొత్త మందును ఎలుకల మీద, తొలి పరీక్షల్లో చూడవచ్చు. పనికొస్తుందని తేలాక ఆ మందుకు అంకితమైన యంత్రం వేరే కట్టుకోవాలి. బ్రూక్‌హేవెన్‌లో, లాస్ అలమోస్‌లో స్ట్రాన్షియం-82 నిలదొక్కుకున్నదంటే, అక్కడ ఐసోటోపుల కోసం ప్రత్యేక లక్ష్య కేంద్రాలు, ప్రత్యేక సిబ్బంది ఏర్పడటం వల్లనే.

పరిగె

కోత కోసి, పనలు మోసుకుపోయాక మళ్లో రాలిన వెన్నులు ఏరుకోవడం పరిగె. ఆసామి పని ముగిశాకే ఏరుకునేవారు దిగాలి. అతను వరి వేస్తే వరి, జొన్న వేస్తే జొన్న. ఏమి దొరకాలో కోరుకునే వీలు లేదు. త్వరణి దగ్గరా అంతే. ఫ్రిబ్‌లో ఈ వారం కాల్షియం పుంజమా, క్రిప్టాన్ పుంజమా అన్నది అసలు ప్రయోగం నిర్ణయిస్తుంది, నీళ్లగదిలో ఉన్నవారు తమ రసాయనాన్ని దానికి తగ్గట్టు మార్చుకుంటారు.

పోలిక ఒక్కచోట తెగుతుంది. పొలంలో పరిగె ఉచితం. ఇక్కడ పుంజం మాత్రమే ఉచితం. హాట్ సెల్, కవచాలు, అనుమతులు, రవాణా పెట్టెలు, వ్యర్థాల లెక్కలు, చేయి తిరిగిన రేడియో రసాయన శాస్త్రజ్ఞులు, వీటిలో ఏదీ ఉచితం కాదు. ‘ఎలాగూ పోయేదే కదా, ఊరికే వస్తుంది’ అని చెప్పి నిధులు అడిగేవారిని నమ్మవద్దు. యంత్రం కట్టేశాక, కాంక్రీటు గట్టిపడ్డాక, డంప్ దగ్గరికి కొత్త గొట్టం వేయాలంటే ఖర్చు ఎన్ని రెట్లవుతుందో విలిగెన్‌లో దిమ్మను కోసినవారిని అడిగితే తెలుస్తుంది. ఫ్రిబ్‌కు మేలు జరిగిందంటే, నీటిని మళ్లించి ఏరుకునే ఆలోచన యంత్రం పూర్తి కాకమునుపే మొదలవడం వల్ల.

మన దేశంలోనూ ఆ సమయం వస్తోంది. స్పాలేషన్ న్యూట్రాన్ వనరు కోసం వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ త్వరణిని కట్టాలని ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రం చాలాకాలంగా సాంకేతికతను కూడగట్టుకుంటోంది. రేడియో రసాయన శాస్త్రజ్ఞులు మనకు కొరత కాదు. కోల్‌కతాలోని సాహా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఐసోల్డే సీసం-బిస్మత్ లక్ష్యాలను విశ్లేషించి ఉన్నారు. ఆ త్వరణి నక్షా బల్లమీదికి వచ్చిన రోజున, పుంజం ఎక్కడ ఆగాలో గీత గీసేముందు వాళ్లలో ఒకరిని పిలిచి కూర్చోబెట్టండి.